ఊపని సీసా

నేను పాలమ్ముకుని బతికేవాణ్ణి. పాలల్లోకి నీళ్లు ఎట్లా చేరతాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే సిద్దిపేట దవాఖానలో కంపౌండరు సిద్ధయ్య తెర వెనక్కి పోయి మందు కలుపుతుంటే నా చూపంతా ఆ తెర మీదే. దాచేది లేకపోతే తెర ఎందుకట?

నా ఒక్కగానొక్క బిడ్డ కనకవ్వకు ఏడేళ్లు. చలిజ్వరం పట్టి నాలుగు రోజులైంది. ఆ ఏడు, అంటే నలభై నాలుగులో, మా వాడలో అదే జ్వరంతో ఇద్దరు పిల్లలు పోయారు. నా ప్రాణం నాలో లేదు.

ఇంటి నుంచి పట్టుకెళ్లిన సీసా నింపి సిద్ధయ్య నా చేతికిచ్చాడు.

"గిదేం మందు సాబ్?"

"మిక్చర్."

"అంటెంది?"

ఆయనకు తన చదువు చూపించుకునే సరదా. "అంటే కలిపింది అని. అసలు ఇంగ్లీషోళ్ల సొంత మాట గాదు. ఎన్కట రోమోళ్లు లాటిన్ల కలుపుడును మిస్కేరే అనేటోళ్లు. గా మాట ఫ్రెంచోళ్ల నోట్ల నాని ఇంగ్లీషుల కొచ్చింది."

"గియ్యన్నీ నాకెందుకు? ఏం కలిపిన్రు?"

"మందు పొడి, నీళ్లు. తాగించే ముందు సీస మంచిగ ఊపు. సీసకు అతికిచ్చిన కాగితం మీద గాట్లు పెట్టిన. పూటకొక గాటు."

నీళ్లు కలిపానని తన నోటితోనే ఒప్పుకున్నాడు! ఊపమనడం ఎందుకో కూడా నాకు తెలిసిపోయింది. ఆ నీళ్లు మా కంట పడకుండా ఉండడానికే.

ఇంటికొచ్చి సీసాను గూట్లో కదలకుండా పెట్టాను. సాయంత్రానికి పైనంతా తేట నీళ్లు, అడుగున తెల్లటి ముద్ద.

"సూసినవా దొంగతనం!" అని నా భార్య అంజమ్మకు చూపించాను.

"ఊపమన్నడు గదనయ్యా" అంది.

వింటేగా! నీళ్లు పెరట్లో ఒంపేశాను. అసలు మందు బిడ్డకు దక్కాలని అడుగున ఉన్నదంతా చెంచాతో తినిపించాను. చేదుకు ముఖం చిట్లించింది గానీ మింగింది.

తెల్లారేసరికి వాంతులు. "చెవులల్ల గుయ్యిమంటుంది బాపూ" అంది. పొద్దెక్కాక పిలిస్తే పలకలేదు. బిడ్డను భుజాన వేసుకుని, ఖాళీ సీసా చేత పట్టుకుని దవాఖానకు పరుగెత్తాను. దారి పొడుగునా సిద్ధయ్యనే తిట్టాను. విషం కలిపాడనుకున్నాను.

సిద్ధయ్య ఖాళీ సీసా చూశాడు. "నీళ్లేవి?"

"పారబోసిన."

"అడుగుది?"

"తాగించిన."

"అంతనా? మూడు దినాల మందు దుర్గయ్యా అది!" ఆయన డాక్టరు కోసం లోపలికి ఉరికాడు.

డాక్టరు చూసి ప్రాణానికి భయం లేదన్నాడు. మందు ఎక్కువై చెవులు పోయాయని, వినికిడి మాత్రం మళ్లీ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

మంచం పక్కన కూర్చుని, "తప్పయింది బిడ్డా" అన్నాను. కనకవ్వ నా పెదవుల వంక చూసింది. ఏం అర్థమైందో ఏమో, "ఇంక మందున్నదా బాపూ?" అని నోరు తెరిచింది.