తలుపు మూశాక ఒకటిన్నర సెకను

కెప్టెనమ్మ టీవీలోంచి దిగి మా హాల్లో నిలబడి ఉంది. ఉదయం పదకొండున్నర అవుతోంది, నేను బెండకాయలు తరుగుతున్నాను. ఆమె బూట్లకి ఏదో గ్రహం తాలూకు ఎర్రదుమ్ము అంటుకుంది. నిన్ననే తుడిచిన నేల మీద ఆ అడుగులు చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది.

ఆమె పెదవులు కదులుతాయి. మాట నా నోట్లోంచి వస్తుంది. "అలివేలూ, నన్ను విచారణకి పిలిచారు. నువ్వూ రావాలి."

ఇందులో విచిత్రమేమీ లేదు. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. 'తొమ్మిదో కక్ష్య' అనే అంతరిక్షం సీరియల్లో ఆమె ఓడని నడుపుతుంది, తెలుగులో ఆమెకి గొంతు నేను. తొమ్మిదేళ్లుగా ఇదే ఏర్పాటు. నేను పక్కన లేకపోతే తెలుగువాళ్ల మధ్య ఆమె ఉత్తినే పెదవులు ఆడించుకుంటూ నిలబడాల్సిందే. ఆమె మాటా నా మాటా ఒకే నోట్లోంచి వస్తే గందరగోళం కాబట్టి, ఆమె మాట్లాడేటప్పుడు నేను కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంటాను.

అయినా నాకు అనుమానమే. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మా గడప తొక్కని మనిషి, ఇవాళ ఇంత మర్యాదగా వచ్చి పిలుస్తోందంటే ఏదో ఉంది.

"నేను రాకపోతే?" అంటాను.

చెయ్యి దానంతట అదే గుండె మీదికి వెళుతుంది. "నేను మాట్లాడలేకపోతే శిక్ష వేస్తారు. నన్ను మా ఓడ ఏడో గదిలో పెట్టి తలుపేస్తారు. గొంతు కూడా నాతోపాటు లోపలికే వస్తుంది, ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటేగా."

ఎంత చల్లగా చెబుతోందో చూడండి! ముప్పై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్న గొంతు ఇది. కత్తి పక్కన పెట్టి, చీర మార్చుకుంటాను. భయంగా ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియనివ్వను.

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఇవాళ కిందికి కాకుండా పక్కకి వెళుతోంది. అమీర్‌పేట మీదుగా, ఒకచోట ఎవరి వంటింట్లోంచో పోపు వాసన మధ్యగా వెళ్లి, ఒక ఫంక్షన్ హాలు రెండో అంతస్తులో ఆగుతుంది. దారి పొడుగునా నేను కెప్టెనమ్మని ఓరకంట చూస్తూనే ఉన్నాను. మాట లేనప్పుడు ఆమె పెదవులు బిగించుకునే ఉంటుంది. లోపలున్నదేదో జారిపోతుందేమోనని పట్టుకున్నట్టు ఉంది ఆ బిగింపు.

హాల్లో తొమ్మిది వందల కుర్చీలు, అన్నింట్లోనూ ప్రేక్షకులు, ప్రతి చేతిలోనూ ఒక రిమోటు. వేదిక మీద, పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర వెల్వెట్ కుర్చీలో ప్రేక్షకుల సంఘం అధ్యక్షుడు భూమయ్య కూర్చున్నాడు. పెళ్లికూతురి కుర్చీలో విమలా టీచర్ ఉంది, రిటైరైన లెక్కల టీచరు. నేను లోపలికి అడుగుపెట్టేసరికే ఆవిడ తీర్పు కాగితం మడతపెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటోంది. నేను చూశానని ఆవిడకి తెలుసు. అయినా తాపీగా జిప్పు మూసుకుంటుంది. మా ఇద్దర్నీ వేదిక ఎక్కించి, వాళ్లకి ఎదురుగా నిలబెడతారు.

"నాలుగో సీజన్, పదకొండో భాగం," అని భూమయ్య చదువుతాడు. "ఓడకు బొక్క పడ్డది. గాలి పోతున్నది. ఏడో గదిల నలభై ఒక్క మంది ఉన్నరు, మిగిలిన ఓడల తొమ్మిది వందల మంది ఉన్నరు. కెప్టెనమ్మ ఏడో గది తలుపు మూయమన్నది. మూసిన్రు. నలభై ఒక్కరు పోయిన్రు. ఇగ చెప్పున్రి, ఇది సరైన నిర్ణయమేనా?"

మూడో వరసలో ఒకాయన లేచి, ఆడది అయ్యుండి తలుపు మూయమనడానికి మనసెలా ఒప్పిందని అడుగుతాడు. పక్కనున్నాయన, ఆడది కాబట్టే మూడు నిమిషాలు ఆలస్యం చేసిందని అంటాడు. ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు తలూపుకుని, చేతులు కలుపుకుని కూర్చుంటారు.

విమలా టీచర్ కళ్లజోడు సర్దుకుంటుంది. "ఎపిసోడ్ మొత్తం మీద ఈవిడ కన్నీళ్లు నేను కొలిచానండీ. రెండు చుక్కలు. నలభై ఒక్క మందికి రెండు చుక్కలేనా? పోనీ, ఆ రెండైనా ఎందుకూ? ఓడ నడిపే మనిషికి కళ్లు తడవకూడదు. ఎటు నుంచి చేసినా లెక్క తప్పే వస్తోంది."

ఇలాంటివి వింటే నేను ఊరుకోలేను. "ఈవిడకి ముందు రెండు సీజన్లు మగ కెప్టెన్ ఉన్నాడు కదండీ," అంటాను. "రెండు చందమామల్ని మనుషులతో సహా పోగొట్టాడు. ఆయన్ని ఎవరూ ఇక్కడికి పిలవలేదేం?"

"ఆయన సంగతి వేరమ్మా," అంటాడు భూమయ్య ఓపికగా. "ఆయన ఏదో ఆలోచించే చేసి ఉంటడు."

తొమ్మిది వందల మందీ అవునవునంటారు. ప్రతి అవునుకీ హాలు ఒక గజం పొడుగవుతోంది. మేం వచ్చిన లిఫ్టు ఇప్పుడు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. నాకు ఇది కావాలని చేస్తున్నట్టే ఉంది.

"సాక్ష్యం వేయున్రి," అంటాడు భూమయ్య.

గోడ మీద ఆ సీను పడుతుంది. గోడ నిండా కెప్టెనమ్మ మొహం. "తలుపు మూయండి," అంటుంది నా గొంతు. ఆ తర్వాత చిన్నగా, వణుకుతూ, "క్షమించండి."

హాలంతా నిట్టూరుస్తుంది.

"అగో!" భూమయ్య తొడ చరుచుకుంటాడు. "తప్పు చేసినోళ్లే గద క్షమించుమనేది. తానే ఒప్పుకున్నది. ఇంకేం గావాలె?"

నేను గోడ మీంచి చూపు తిప్పుకుంటాను. ఎందుకంటే ఆ మాట కెప్టెనమ్మది కాదు.

సంగతేమిటంటే, డబ్బింగులో మాటకన్నా నోరు ముఖ్యం. తెర మీద పెదవులు ఎంతసేపు ఆడితే అంతసేపూ మాట ఉండాలి. ఆ సీనులో తలుపు మూయమన్నాక ఆమె పెదవులు ఇంకో ఒకటిన్నర సెకను కదులుతాయి. అసలు భాషలో అక్కడేమీ వినబడదు, సంగీతం వచ్చి మింగేసింది. స్క్రిప్టులోనూ ఏమీ లేదు. మా మాటల రచయిత గోవర్ధనం గారు బల్ల మీద వేళ్లతో ఆ కదలికలు లెక్కపెట్టి, "నోరు ఖాళీగా పోకూడదు అలివేలమ్మా. 'క్షమించండి' అతికినట్టు సరిపోతుంది, పడేయ్," అన్నారు. పడేశాను. ఒక్క టేకు. ఆ ఒక్క మాటకే నాకు ఉత్తమ గాత్రం బహుమతి వచ్చింది. ఇప్పటికీ కూరగాయల బజార్లో ఆడవాళ్లు నన్ను ఆపి, ఆ మాట అనిపించుకుని, కళ్లు తుడుచుకుని వెళతారు.

గోవర్ధనం గారు ముందు వరసలోనే ఉన్నారు. నాకేసి చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంటారు. ఆయన భయం ఆయనది. కెప్టెనమ్మ కూడా నన్నే చూస్తోంది, కళ్లార్పకుండా. అదుగో, అప్పుడు వెలుగుతుంది నాకు. తన మాట చెప్పించుకోవడానికే అయితే నా చెయ్యి ఈపాటికి గుండె మీదికి వెళ్లి ఉండేది. నా మాట నేను చెబుతానో లేదో చూద్దామనే ఈవిడ నన్ను లాక్కొచ్చింది. గుండెలు తీసిన బంటు!

విమలా టీచర్ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీస్తోంది. ఆ కాగితం విప్పితే నా పని అయిపోయినట్టే. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాను, ఇది నా మాటేనని అందరికీ తెలియాలి.

"క్షమించండి అన్నది ఆవిడ కాదండీ. మేం."

"మేం అంటే?"

"నోరు ఆడుతోంది, మాట లేదు. అందుకని మేమే ఒకటి పెట్టాం. ఆవిడ ఎవర్నీ క్షమించమనలేదు."

తొమ్మిది వందల రిమోట్లు నావైపు తిరుగుతాయి. గోవర్ధనం గారు మొహం కండువాలో దాచుకుంటారు. వెనక నుంచి ఒకావిడ, "ఆ మాటకి నేనెంత ఏడ్చానే, నీ నోరు పడిపోనూ!" అని శాపనార్థాలు మొదలుపెడుతుంది. ఇంట్లో నా బహుమతి కరిగి షోకేసులోంచి కారుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. గొంతు మాత్రం ఇంకా ఉంది, దగ్గి చూసుకుంటాను.

"మరి గా జాగల ఆమె ఏమన్నది?" భూమయ్య అడుగుతాడు.

"నాకు తెలియదు."

"తొమ్మిదేండ్లు గొంతు ఇచ్చినవ్. అడగలే?"

"అడగలేదు."

నిజంగానే ఎప్పుడూ తోచలేదు. ఆవిడ నోటిని అంతసేపు చూసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను, చూసిందంతా కొలత కోసమే.

"ఆ మాట తీసేసి మళ్లీ వేయున్రి."

గోడ మీద మళ్లీ ఆ మొహం. తలుపు మూయండి. తర్వాత చప్పుడు లేదు. గోడంత పెదవులు మెల్లగా కదులుతాయి. ముందు వరస వాళ్లు తమ పెదవులు కలిపి చూసుకుంటారు, ఏ మాటా కుదరదు. గోవర్ధనం గారు కండువాలోంచి తలెత్తి, వేళ్లతో ఒకసారి లెక్కపెట్టి, "ఇది మాట కాదు అలివేలమ్మా. ఆవిడ ఏదో మింగుతోంది," అంటారు.

అందరూ కెప్టెనమ్మ వైపు తిరుగుతారు. ఆమె నోరు తెరుస్తుంది. ఇన్నేళ్లలో అంత పెద్దగా తెరవడం ఇదే మొదలు.

అందరికన్నా దగ్గరున్నది నేనే, వంగి చూస్తాను. పళ్ల వెనక పొడుగాటి వసారా ఉంది, ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. రెండువైపులా బెంచీల మీద నలభై ఒక్క మందీ సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒకామె తన కూతురికి జడ వేస్తోంది. వెలుతురు పడగానే అందరూ చేతులు అడ్డం పెట్టుకుని నావైపు చూస్తారు. ఏడో గదిలో గాలి లేదు కాబట్టి, ఊపిరి ఉన్న చోటికి తెచ్చుకుంది వాళ్లని. అందుకే ఆమెకి ఏ భాషలోనూ సొంత మాట లేదు. దేశదేశాల్లో నాలాంటివాళ్లమే కూర్చుని ఆమె బదులు మాట్లాడుతున్నాం. నాకు ఏడుపు ఆగడం లేదు.

విమలా టీచర్ కూడా వచ్చి తొంగిచూస్తుంది. "బతికించడం బాగానే ఉంది," అంటుంది. "కానీ పైవాళ్లకి ఒక్క మాట చెప్పకుండా బతికించేయడం ఏం పద్ధతండీ?"

"ఇన్నేండ్లు దాచిపెట్టిందంటే అనుమానం రాదా మరి?" అంటాడు భూమయ్య. హాలు ఇంకో గజం పెరుగుతుంది.

కెప్టెనమ్మ నోరు మూసుకుని నా చెయ్యి పట్టుకుంటుంది, దాన్ని తనే నా గుండె మీద పెడుతుంది. "నా ఊపిరి అయిపోవచ్చింది, అలివేలూ. అప్పుడు నేను ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. వాళ్లని తీసుకుంటే నువ్వు ఇక మాట్లాడలేవు."

"ఆలోచించుకోవడానికి ఎంత టైముంది?"

"ఒకటిన్నర సెకను."

ఇదంతా ఈ ఒక్క అడుగు కోసం పన్నిన వల కాదని ఎవరు చెప్పొచ్చారు? లిఫ్టు నుంచి ఇక్కడిదాకా నన్ను అంగుళం అంగుళం నడిపించుకొచ్చింది. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. జడ సగం వేసిన ఆ పిల్ల మొహం కూడా కళ్ల ముందే ఉంది.

"రండి," అంటాను. ఈ గొంతుతో ఇంక మాట లేదు.

వాళ్లు ఒక్కొక్కరే ఆమె కింది పెదవి దాటి, నా కింది పెదవి ఎక్కి, తల వంచుకుని లోపలికి నడుస్తారు. సంచులు పళ్లకి తగులుతాయి. ముసలాయన ఒకాయన నాలుక మీద కాసేపు కూర్చుని అలుపు తీర్చుకుంటాడు. చివరి మనిషి వెళ్లాక మింగుతాను, దానికి సరిగ్గా ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.

కెప్టెనమ్మ ఖాళీ నోటితో ఒక పెద్ద ఊపిరి తీసుకుంటుంది. వేదిక దిగి, మూడో వరసలో ఆ ఇద్దరి మధ్య చోటు చేయించుకుని కూర్చుంటుంది. ఎవరో ఆమెకి ఒక రిమోటు అందిస్తారు. ఆమె దాన్ని నావైపు తిప్పి, తల పక్కకి వాల్చి చూస్తుంది, నేను నిలబడిన తీరు నచ్చనట్టు.

"ఈమె ఎందుకు ఒప్పుకున్నదో అడుగున్రి," అంటున్నాడు భూమయ్య.

"పేరు కోసం," అంటోంది విమలా టీచర్, కొత్త కాగితం తీసి.

నాకు జవాబుంది. చెప్పడానికి నోరు లేదు. లోపల వాళ్లు సర్దుకుంటున్నారు, బెంచీల చప్పుడు నా చెవుల్లోంచి వస్తోంది. అంతలో నా పెదవుల మధ్య నుంచి ఒక చిన్న చెయ్యి బయటికి వస్తుంది, మణికట్టుకి జడ రిబ్బను చుట్టి ఉంది. అది గాల్లో కాసేపు తడుముకుని, నా చూపుడువేలు దొరకగానే గట్టిగా పట్టుకుని లోపలికి లాగుతుంది. లోపల గాలి చల్లగా ఉంది. మోచెయ్యి దాటాక భుజం సులువుగానే పడుతోంది. తల దగ్గర మాత్రం, కొంచెం వంగమంటున్నారు లోపలివాళ్లు.