విమానం మీద మంద గుర్తు

ప్రొద్దుటూరు మునిసిపాలిటీకి విమానం వచ్చి ఆరు నెలలైనా అది దిమ్మె ఎక్కలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఎగిరిన చిన్న యుద్ధవిమానమది. ముసలిదైపోయాక, జనం చూసుకోవడానికని ఊరికి ఇచ్చారు. జమ్మలమడుగు రోడ్డు సర్కిల్లో నిలబెడదామంటే ముక్కు ఎటు తిప్పాలన్న దగ్గర పంచాయితీ మొదలైంది. ఇటు తిప్పితే మా నాయకుడి ఇంటికి గురిపెట్టినట్టుందని ఒక పార్టీ, అటు తిప్పితే మా నాయకుడి ఇంటికి గురి అని రెండో పార్టీ. రంగు సంగతి సరేసరి, ఎవరి జెండా రంగు వాళ్లు పూస్తామన్నారు. బాంబులు విసురుకోవడానికి సాకుల కోసం వెతుక్కుంటున్న రోజులవి. ఇంజను కూడా లేని ఆ విమానం ఇంకో యుద్ధం చేయించేలా ఉంది.

చివరికి కమిషనరు బుర్ర ఉపయోగించి, ముక్కు ఆకాశం వైపు ఎత్తిద్దామనీ, ఎయిర్‌ఫోర్సు రంగే వేయిద్దామనీ ఇద్దరినీ ఒప్పించాడు. ఆ రంగు తెలిసినవాడు కావాలి, ఏ పార్టీ మనిషీ కాకూడదు. రెండు పార్టీలకూ గోడల మీద నినాదాలు రాసే పెయింటరు అమీర్ బాషాకు లింగాల సిద్దయ్య గుర్తొచ్చాడు.

సిద్దయ్యది గొర్రెలు కాచే ఇల్లు. వయసులో ఎయిర్‌ఫోర్సులో చేరి, విమానాలకు రంగులూ గుర్తులూ వేసే పని చేసి, తిరిగొచ్చి మళ్లీ గొర్రెల్లోనే పడ్డాడు. ఊళ్లో అందరికీ ఆయన చెప్పే కథ ఒకటుంది. యుద్ధం మొదలైనప్పుడు విమానాలన్నిటికీ హడావిడిగా ఆకుపచ్చ పూస్తూ, తన చేతికొచ్చిన ఒకదానికి, ఎడమ చక్రం ముడుచుకున్నాక మూసుకునే తలుపు లోపల, ఎవరికీ కనబడని చోట, బొటనవేలితో ఎర్రరంగు అద్ది తమ మంద గుర్తు పెట్టాడు. అడ్డంగా ఒక గీత, కింద మూడు చుక్కలు. వాళ్లమ్మ పెంచలమ్మ గొర్రెల ఎడమ తొడ మీద ఎర్ర జాజుమట్టితో పెట్టే గుర్తు అదే. గుర్తున్న జీవం దారి తప్పినా ఇల్లు చేరుతుందని ఆమె నమ్మకం. అంతలో అధికారి బూట్ల చప్పుడైంది. ఉలిక్కిపడేసరికి మూడో చుక్క జారి తోకలా సాగింది. ఆ రోజు విమానం రెక్కలో చిల్లులు పడి తిరిగొచ్చింది. మర్నాడే సిద్దయ్యను ఇంకో స్థావరానికి పంపేశారు.

ఈ కథ విని నవ్వనివాడు లింగాలలో లేడు. దాన్ని ఎవరన్నా తోలుకుపోతే మనదేనని పంచాయితీలో అడుగుతావా అని పెంచలమ్మే ఎగతాళి చేసేది. నవ్వులకు సిద్దయ్య బాధపడలేదు. ఆయన్ని తొలిచింది వేరే. తాను ఆ స్థావరం వదిలే నాటికి యుద్ధం ముగియలేదు. ఆ తర్వాత అది తిరిగొచ్చిందో, ఎక్కడైనా కూలిపోయిందో తెలియదు. సాయంత్రం మంద దొడ్లోకి తోలాక ఒక జీవం తగ్గినట్టు, పాతికేళ్లుగా ఆ వెలితి అలాగే ఉండిపోయింది.

అందుకే బాషా కబురు అందగానే, ఇది అదేనేమోనన్న ఆశతో, కూలి సంగతైనా అడక్కుండా పులివెందుల వచ్చి ప్రొద్దుటూరు బస్సెక్కాడు. తీరా చూస్తే విమానం తోక మీద నంబరు లేదు. సర్వీసు నుంచి తీసేసినప్పుడు గీకేశారట. పైగా బాషా ఉత్సాహం కొద్దీ ఒక పక్కంతా ఉప్పు కాగితంతో తెల్లగా రుద్దేశాడు. అదీ ఎడమ పక్కే. సిద్దయ్య గబగబా చక్రం దగ్గరికి నడిచాడు.

"చక్రం తలుపు లోపల గూడా రుద్దినావా బాషా?"

"ఆడ ఎవురు జూస్తారు మామా. వదిలేసినా."

బాషా బద్ధకాన్ని మనసులోనే దీవించి, సిద్దయ్య విమానం కిందికి దూరి తలుపు లోపలి దుమ్ము తుడిచాడు. బొటనవేలి ముద్రలేమీ లేవు. ప్రాణం ఉసూరుమంది. ఉన్నదల్లా అట్టలో అచ్చు కోసి నీటుగా వేసిన ఒక చిన్న ఎర్ర గుర్తు. ఇక్కడ తొక్కరాదు, ఇక్కడ గ్రీజు పెట్టాలి అని చెప్పే అలాంటి గుర్తులు విమానం ఒళ్లంతా ఉంటాయి, తాను వేసినవే బోలెడు. వెనక్కి జరగబోయినవాడు ఆగిపోయాడు. గీత. కింద మూడు చుక్కలు. మూడో చుక్కకు తోక.

పెచ్చు లేచిన అంచును గోటితో గీకాడు. కింద ఇంకో పొర, దాని కింద మరొకటి, అన్నిటిలోనూ అదే ఎరుపు. అప్పుడు అర్థమైంది. విమానం ఏ స్థావరానికి పోయినా, రంగు మార్చిన ప్రతిసారీ, అక్కడి పెయింటరు ఇదేదో అవసరమైన గుర్తే అనుకుని, మనకెందుకొచ్చిన గొడవలెమ్మని, జారిన తోకతో సహా అచ్చు కోసి మళ్లీ వేశాడు. ఏ తమిళాయనో, ఏ పంజాబీ ఆయనో లింగాల గొర్రెల గుర్తును ఇన్నేళ్లూ భద్రంగా కాపాడుకుంటూ వచ్చారు. అది కూలిపోలేదు. యుద్ధం దాటి, ముసలిదయ్యేదాకా ఎగిరింది. సిద్దయ్య దాని కిందే చతికిలబడి ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. మామకు ఏమయిందో తెలియక బాషా పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చాడు.

రంగు పని ముగిసే రోజుకు సిద్దయ్య తల్లిని బస్సెక్కించి తెచ్చుకున్నాడు. రెండు పార్టీల మనుషులూ విమానం చుట్టూ తిరుగుతూ, ఎదుటివాడి జెండా ఛాయ ఎక్కడైనా కలిసిందేమోనని వెతుకుతున్నారు. చక్రం తలుపు లోపలికి మాత్రం ఎవరూ తొంగిచూడలేదు. పెంచలమ్మ ఒక్కతే కొడుకు భుజం పట్టుకుని వంగి చూసింది. ఒక్కో చుక్కనూ వేలితో తడిమింది. ఎగతాళి మాట ఒక్కటీ రాలేదు.

"మనదేరా సిద్దా," అంది. "ఆ తోక ఏంది మల్ల? మన గుర్తుకు తోక లేదే. చెరిపేసి సక్కంగా పెట్టు."

సిద్దయ్య చేతిలో ఎర్రరంగు బ్రష్షు ఉంది. చెరిపి దిద్దడం నిమిషం పని.

"వద్దులేమ్మా. ఈ తోకతోనే గదా దావ తెలుసుకోని ఇంటికొచ్చినాది."

పెంచలమ్మ దొడ్లోకి చేరిన గొర్రెను తట్టినట్టు విమానం పొట్టను అరచేత్తో తట్టి, అట్లయితే ఉండనీ అంది.