కరిచే కుళాయి

"అన్నయ్యా, మా స్నానాలగది కుళాయి కరుస్తోంది" అని చెల్లెలు ఫోన్ చేస్తే, ఆయన కరెంటు కొలిచే మీటరు సంచీలో వేసుకుని మధ్యాహ్నానికల్లా వాళ్ళింట్లో దిగాడు. సొంత సెట్లతో దేశదేశాల వాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో క్లబ్బులో ఆయన్ని అందరూ ఫ్యూజుగారు అంటారు. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళకంటే ముందు ఫ్యూజు ఎక్కడుందని అడుగుతాడని ఆ పేరు. చెల్లెలి భర్త, అంటే బావగారు, అదే క్లబ్బు సభ్యుడు. తన గొంతు సముద్రాలు దాటాలన్న యావ కొద్దీ ఈమధ్యే పెద్ద ఆంప్లిఫయరు ఒకటి కొని ఇంట్లో దింపాడు.

చెల్లెలు పొడిగుడ్డ మడతపెట్టి, దాంతో కుళాయి తిప్పి చూపించింది.

"ఆయనతో చెబితే తడిచేతులకి అలాగే ఉంటుంది, నీదంతా భ్రమ అంటారు."

"ఎప్పట్నుంచి?"

"ఆ పెట్టె వచ్చినప్పట్నుంచీ."

ఫ్యూజుగారు మీటరు తీగ ఒకటి కుళాయికి, రెండోది వంటింటి ప్లగ్గులోని ఎర్తుకి ఆనించాడు. ముల్లు సగం దాటి నిలబడింది. జిల్లుమనిపించి పోయే కరెంటు కాదది. ఒళ్ళు తడిగా ఉన్నప్పుడు గట్టిగా పట్టుకుంటే ప్రాణం తీసి గానీ వదలదు.

గోడకవతలే రేడియో గది. బల్లమీద అద్దాల్లా తుడిచిపెట్టిన సెట్లు, గోడ నిండా రేడియోలో మాట కలిసిన దేశదేశాల వాళ్ళు పంపిన కార్డులు. వంగి బల్ల కిందికి చూస్తే మాడు వాసన గుప్పున కొట్టింది. పైన పటారం, లోన లొటారం. ఆయన ముందు స్విచ్చి ఆపి ఆంప్లిఫయరు ప్లగ్గు పీకాడు. ఎర్తు పిన్ను రంపంతో కోసేసి ఉంది. మాటలో గుయ్యిమని శబ్దం వస్తోందని క్లబ్బులో వెక్కిరిస్తే, ఆ మర్నాటికే బావగారు దాన్ని పోగొట్టి మెప్పు కొట్టేశాడు. ఆ వైద్యం ఇదన్నమాట.

అంత పెట్టెకి విడిగా లావుపాటి లైనూ, దానికో బ్రేకరూ ఉండాలి. ఇక్కడ టేబుల్ ఫ్యాను తీగ. మధ్యలో మెలితిప్పిన అతుకు, దానిమీద కారిపోయిన నల్లటేపు, ఆ జిగురుకి అంటుకున్న వెంట్రుకలు, చచ్చిన చీమలు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే మనిషి! పెట్టె వెనకనుంచి ఇంకో తీగ గోడకన్నంలోంచి పోయి స్నానాలగది ఇనపగొట్టానికి చుట్టుకుంది. ఎర్తట! ఆ గొట్టం ఇల్లు దాటగానే ప్లాస్టిక్‌ది అయిపోతుంది. పెట్టెలోంచి కారిన కరెంటుకి భూమిలోకి పోయే దారే లేదు. కుళాయి దగ్గర కాపు కాసి కూర్చుంటుంది. పైగా వేడెక్కడానికి టైము పడుతుందని బావగారు ఆఫీసుకెళ్తూ కూడా దాన్ని ఆపడు.

ఫ్యూజుగారు ప్లగ్గుని తీగనుంచి కత్తిరించి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం బావగారు హుషారుగా వచ్చాడు. "ఏం బావగారూ, క్లబ్బు పోటీకి ముందు దీవించడానికొచ్చారా?"

"ఎర్తు పిన్ను కోసింది మీరేనా?"

"అబ్బ, మొదలెట్టారా! గొట్టానికి ఎర్తిచ్చాగా. ఇన్నాళ్ళూ ఎవరికేమైంది?"

"కుళాయి షాకు కొడుతోంది."

"మీ చెల్లెలికి బల్లిని చూసినా భయమే."

"అయితే మీరే ఓసారి పట్టుకుని చూపించండి. భయం తీరిపోతుంది."

"ఓస్, అంతేనా!" చొక్కా చేతులు మడుచుకుంటూ బయల్దేరాడు. పెట్టె చచ్చిన సంగతి ఆయనకి తెలియదు. స్నానాలగది గుమ్మం దగ్గర ఆగి, తలుపు వెనక చెయ్యిపెట్టి, మందపాటి రబ్బరు చెప్పులు తీసి కాళ్ళకి తొడుక్కున్నాడు. వెతుక్కోలేదు, ఆలోచించలేదు. రోజూ అలవాటైన పని.

ఫ్యూజుగారికి వెంటనే అర్థం కాలేదు. కాళ్ళకింద రబ్బరుంటే కరెంటు కొట్టదు. తెలియక చేసిన వెధవపనైతే నాలుగు తిట్టి, సరిచేసి, భోంచేసి వెళ్ళొచ్చు. ఇతనికి తెలుసు. ఇన్నాళ్ళూ ఈ మనిషి పక్కన కూర్చుని నవ్వుతూ టీ తాగినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"మడమలు పగిలాయి, అందుకే స్నానానికి చెప్పులన్నారుగా" అంది చెల్లెలు నెమ్మదిగా.

బావగారు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "అది... ఎందుకైనా మంచిదని."

"నాకూ ఓ జత కొనాలనిపించలేదా?"

ఆయన చెప్పులు విప్పి మళ్ళీ తలుపు వెనక్కి నెట్టాడు.

"పోనీ, ముట్టుకోకు అని ఒక్క మాట చెప్పడానికేమైంది మీకు?"

"చెబితే పెట్టె తీసేయమంటావు కదా!" అన్నాడు బావగారు, అన్యాయం తనకే జరుగుతున్నట్టు.