చిమ్మెట చెవి

…అయినా బాపు రాకపోతే కొంప మునిగిందా, ఎవరు పిలిచారు గనక, వస్తానని తనంతట తానే ఫోన్ చేశాడు, అనుకుంటూ సృజన నిచ్చెనెక్కి మైకు తీగ మళ్లీ బిగించింది, అది బిగుతుగానే ఉంది, పొద్దుటినుంచి నాలుగోసారి, కింద సికింద్రాబాద్ బస్సుల హారన్లు, హాలునిండా నలభై కాగితపు చిమ్మెటల రెక్కల గలగల, ప్రదర్శన చూడ వచ్చినవాళ్లు చప్పట్లు కొడుతున్నారు, ఈల వేస్తున్నారు, ఇదేంది మేడమ్, మీ మిషన్‌కు చెవుడా అంటున్నారు, కాదండీ, చిమ్మెట చెవిలో రెండే నరాలు, దాన్ని తినే గబ్బిలం కూత తప్ప దానికి లోకంలో మరేదీ పట్టదు, మనకందనంత సన్నని కూత, ఈ యంత్రానికీ అదొక్కటే నేర్పాను, వినగానే రెక్కలన్నీ ముడుచుకుంటాయి, చెప్పీ చెప్పీ నోరెండిపోయింది, ఏడాది కష్టం, బాపు ముందు ఇది పనిచేయకపోతే, మళ్లీ అదే గుబులు, ముప్పై ఐదేళ్లొచ్చినా ఇంకా బాపు మెప్పేమిటి, సిగ్గులేకపోతే సరి.

వచ్చాడు, ఆయాసపడుతూ, గిన్ని మెట్లేంది బిడ్డా, మెడ తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగాడు, దాంతోపాటు బోయిగూడ టింబర్ డిపో తాళాల గుత్తి ఘల్లుమంది, నలభై జతల రెక్కలూ ఒక్కసారిగా ముడుచుకున్నాయి, హాలు నిశ్శబ్దమైంది, తాళాల చప్పుడులోనూ ఆ సన్నని ధ్వని ఉంటుంది, చిమ్మెటలు దానికీ రాలిపడతాయని ఎక్కడో చదివింది కూడా, మరి చెంచాలతో, గాజులతో, పళ్లేలతో ఏడాదంతా పరీక్షించి తాళాలెందుకు ముట్టుకోలేదు, అరె, నన్ను గుర్తువట్టిందే నీ మిషను, అని బాపు మురిసిపోతుంటే, తన వీపు గోడకు ఆనుకుని ఉందని, ఊపిరి బిగబట్టి ఉన్నానని సృజనకు అప్పుడు తెలిసింది.

చిన్నప్పుడు ఇంటి మెట్లమీద ఆ గుత్తి వినపడితే అమ్మ టీవీ కట్టేసేది, తమ్ముడు పుస్తకం తెరిచేవాడు, కొన్నిరోజులు ఏమీ జరిగేది కాదు, కొన్నిరోజులు బెల్టు, ఆ సాయంత్రాల్లో బాపు అన్న మాట ఒక్కటైనా గుర్తుందా అంటే లేదు, తాళాలే, బువ్వ తిన్నవా బిడ్డా, గింత సన్నగైనవేంది, ఇప్పుడు అడుగుతున్న ఈ గొంతు అప్పుడూ ఉండేదేమో, వినే చెవి తనకెక్కడ మిగిలింది, పాపం, ఆయన నలుగురికీ చూపించాలని గుత్తి మళ్లీ ఆడించాడు, మళ్లీ రెక్కలు ముడుచుకున్నాయి, వాటితోపాటే తన భుజాలూ, మీ బాపంటే మనకు గౌరవం అనేది అమ్మ, బంధువులూ అదే అనేవాళ్లు, గౌరవం కాదు, ఉత్త భయం, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనొక్కడికే తెలియదు.