కాషాయం గుడ్డలో ఏడో పుస్తకం

నేను ఒక నవలని. నూట అరవై పేజీలు, చవక కాగితం, రెండు పిన్నులు. పేరు ‘దీపం ఆర్పకు స్వామీ’. నా అట్ట మీద తెల్లచీర కట్టుకున్న స్త్రీ ఒక రాతి మండపం తలుపు ముందు నిలబడి ఉంటుంది. ఆమె వెనక చీకట్లో రెండు ఎర్రటి కళ్ళు. ఆ కళ్ళు ఎవరివో లోపల ఎక్కడా లేదు. బొమ్మ వేసినాయన నన్ను చదవలేదు మరి.

నన్ను రాసింది విజయవాడలో లాడ్జి గదిలో ఒంటరిగా బతికే ఒక గుమాస్తా. ఆడపేరు పెట్టుకుని రాసేవాడు. “పది పేజీలకోసారి భయం, ఇరవై పేజీలకోసారి కోరిక ఉండాలయ్యా, మధ్యలో దేవుణ్ణి మాత్రం వదలొద్దు” అని పబ్లిషరు చెప్పాడట. మఠంలో చేరిపోయిన భర్తను వెతుక్కుంటూ వెళ్ళిన ఇల్లాలి కథ నాది. మూసిన తలుపు వెనక అతని దగ్గు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. ఆఖరి పేజీలో ఆమె తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. కథ అక్కడితో సరి. తీసింది భర్తో దయ్యమో చెప్పకపోవడంలో ఏదో గూఢార్థం ఉందని చాలామంది మెచ్చుకున్నారు. నిజానికి పేజీలు అయిపోయాయి, అంతే.

బస్టాండులో అమ్ముడుపోయాను, రైల్లో చేతులు మారాను. బియ్యం డబ్బాలో కొన్నాళ్ళు, పరుపు కింద కొన్నాళ్ళు ఉన్నాను. నన్ను చదివినవాళ్ళందరూ నన్ను దాచినవాళ్ళే. మనుషులు ఇంత ఇష్టంగా చదివేదాన్ని చూసి ఇంత సిగ్గెందుకు పడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి బాపట్లలో ఖైరున్నీసా అనే దర్జీ ఆవిడ చేతికి వచ్చాను. ఆవిడ నన్ను కుట్టిన జాకెట్ల మధ్య పెట్టి పక్కింటి హైమావతికి ఇచ్చింది.

“ఒక్కదానివే ఉన్నప్పుడు చదవమాక హైమమ్మా, భయమేసిద్ది.”

“నేనెప్పుడు ఒక్కదాన్ని కాదు చెప్పు, ఖైరూ?” అంది హైమావతి నవ్వుతూ. నాకా నవ్వు నచ్చలేదు.

ఇంట్లో భర్త ఉన్నాడు. పేరు సీతాపతి, వ్యవసాయ శాఖలో ఉద్యోగం. నాలుగేళ్ళ క్రితం ఒక స్వామివారి సత్సంగంలో చేరి బ్రహ్మచర్య దీక్ష పుచ్చుకున్నాడు. పక్కగదిని జపం గది చేసుకుని లోపల గడియ పెట్టుకుంటాడు, బయటికి దగ్గొక్కటే వినిపిస్తుంది. దీక్షాపరులు లోకంలో ఆడవాళ్ళందరినీ, కట్టుకున్న దానితో సహా, ‘అమ్మా’ అనే పిలవాలని స్వామివారి నియమం. “అమ్మా, మంచినీళ్ళు.” “అమ్మా, తలుపేసుకో.” ముప్పై మూడేళ్ళ హైమావతికి పిల్లలు లేరు. ఆమెను అమ్మా అని పిలిచేవాడు ఆయనొక్కడే. పిలిచిన ప్రతిసారీ ఆమె భుజాలు బిగుసుకుపోయేవి.

సత్సంగం పుస్తకాలన్నిటికీ కాషాయం గుడ్డ చుట్టడం వాళ్ళ ఆచారం. ఆ ఇంట్లో అలాంటివి ఆరున్నాయి. హైమావతి అలాంటిదే ఇంకో గుడ్డ చింపి నాకు చుట్టి, వాటి మధ్య ఏడోదానిగా పెట్టింది. అక్కడ ఎవరూ వెతకరు. ఆయన ఆఫీసుకు వెళ్ళాక రోజుకు ఐదు పేజీలు చదివేది. దగ్గు వినిపించే చోటు మటుకు నాలుగు రోజులు చదివింది. వేలితో ఆ వరుసల్ని తడిమేది. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నన్ను అంత మెల్లగా చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇంకో పన్నెండు పేజీలు ఉన్నాయనగా మూలా నక్షత్రం వచ్చింది. సరస్వతీ పూజ. ఆ ఏడు సత్సంగం వాళ్ళందరూ వీళ్ళింట్లోనే చేరారు. హైమావతి వంటింట్లో చక్రపొంగలి కలియబెడుతుంటే సీతాపతి అలమరలోని కాషాయం మూటలన్నీ ఎత్తి అమ్మవారి పీటమీద పేర్చాడు. ఆమె నైవేద్యం పళ్ళెంతో వచ్చి చూసింది. మూటలు ఏడు.

పీట ఎక్కిన పుస్తకాన్ని దశమి దాకా తీయకూడదు. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. ప్రతి పుస్తకమూ విప్పి మొదటి పేజీ మీద కుంకుమ బొట్టు పెట్టాలి. కిందటేడు ఒక దీక్షాపరుడి భార్య సినిమాకు వెళ్ళిందని తెలిసి స్వామివారు ఆ ఇంటికి కళంకం అంటిందన్నారు. ఆ భర్తను ఆశ్రమానికి తీసుకుపోయారు, మళ్ళీ పంపలేదు. హైమావతి భయమంతా అదే. ఆయన పలకరింపు ఎప్పుడో పోయింది, స్పర్శ పోయింది. గోడ అవతల ఆ దగ్గొక్కటే మిగిలింది. అదీ పోతే ఆ ఇంట్లో ఆమె, గోడలు.

సీతాపతి ఒక్కో మూటా విప్పుతున్నాడు. ఐదు, ఆరు. నా ముడి విప్పాడు. తెల్లచీర స్త్రీ, ఎర్రటి కళ్ళు బయటపడ్డాయి. ఆయన చెయ్యి ఆగిపోయింది. గుమ్మం దగ్గర హైమావతి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకే గనక నోరుంటే అరిచేదాన్ని.

“అదేం గ్రంథం సీతాపతీ?” అన్నాడు వెనక కూర్చున్న పెద్దాయన.

“మా ఇంట్లో పారాయణ చేసేదేనండీ” అన్నాడు సీతాపతి. మొదటి పేజీ మీద కుంకుమ పెట్టి, మళ్ళీ గుడ్డ చుట్టేశాడు.

నాలుగేళ్ళలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన అరిచినా బాగుండేది. ఆ మూడు రోజులూ పుస్తకం ఊసే ఎత్తలేదు. “అమ్మా, అన్నం” అంటే ఆమె చేతిలోంచి గరిటె జారిపడేది. తెల్లవారుజామున జపానికి లేచినప్పుడు ఆయన పీట దగ్గరికి వచ్చి నన్ను తీస్తున్నాడని ఆమెకు తెలియదు. అమ్మవారి ఎదుటే, పూజ దీపం వెలుగులోనే, కుంకుమ అంటిన వేళ్ళతో గబగబా పేజీలు తిప్పేవాడు. మూడో రోజు తెల్లవారుజామున నా ఆఖరి పేజీ చింపాడు. నొప్పి కన్నా ముందు నాకు భయమేసింది. ఎందుకు చింపాడో నాకూ తెలియలేదు.

దశమి నాడు ఉద్వాసన చెప్పాక ఆయన స్నానానికి వెళ్ళాడు. హైమావతి నన్ను విప్పింది. పదో పేజీ మీద ఎర్రటి వేలిముద్ర. ముప్ఫయ్యో పేజీ మీద ఇంకోటి. దగ్గు వినిపించే చోట వరుసలన్నీ ఎర్రగా అలుక్కుపోయి ఉన్నాయి. ఆమె నిలబడే ఆఖరి పన్నెండు పేజీలు తిప్పింది. ఒకటి లేదు. గుమ్మం పక్కన ఆయన సంచి సర్ది ఉంది. ఆ పూటే స్వామివారి దర్శనానికి ప్రయాణం. ఆమెకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. సాక్ష్యానికి ఆ కాగితం చాలు. ఇక ఆయన్ను తిరిగి పంపరు.

ఆయన జపం గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్న చప్పుడైంది. హైమావతి నన్ను గుండెకు అదుముకుని ఆ తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆమె గుండె నా అట్టకు కొట్టుకుంటోంది. తలుపు తట్టింది.

“ఎవరు?”

ఇద్దరే ఉన్న ఇంట్లో ఎవరని అడిగాడు మహానుభావుడు!

“నేనండీ” అంది. తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. మళ్ళీ అంది. “నేను. మీ అమ్మని కాదు. ఆఖరి పేజీ ఏదండీ?”

లోపల దగ్గు కూడా లేదు. నా నూట అరవై పేజీల్లో ఎక్కడా అంత భయం లేదని నాకు అప్పుడు తెలిసింది. ఆమె చెంప తలుపుకు ఆనించి అలాగే నిలబడింది.

గడియ తీసిన చప్పుడు.

సీతాపతి చేతిలో జపమాల సంచి ఉంది. అందులో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

“స్వామికి చూపించడానికా?” అంది ఆమె.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “నువ్వు ఇది చదివితే తలుపు కొడతావని...” అన్నాడు. కాగితం ఆమె చేతిలో పెట్టాడు. “నాకు భయంగా ఉంది హైమా.”

నాలుగేళ్ళ తర్వాత ఆ పేరు ఆ ఇంట్లో వినిపించింది. ఆమె గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆయన ప్రయాణం మానుకోలేదు గానీ, మూడో నాటికి తిరిగొచ్చాడు. వచ్చీరాగానే గుమ్మంలోంచే ఆ పేరు పెట్టి పిలిచాడు.

ఇప్పుడు నాకు గుడ్డ లేదు, అలమరలో బాహాటంగానే ఉంటాను. ఆఖరి పేజీని హైమావతి అన్నం మెతుకులతో అతికించింది. మెతుకుల కోసం చీమలు వచ్చి, తలుపు తెరుచుకునే వాక్యం దగ్గర కొంచెం కొరికేశాయి. తలుపు తీసిందెవరో అక్కడ ఎటూ రాసి లేదు కనుక ఆ ఇంట్లో ఎవరికీ ఆ లోటు తెలియలేదు.