సత్తార్ టమోటా లారీ

మదనపల్లె టమోటా మార్కెట్ గేటు ఎదురుగా నాకు టీ కొట్టు ఉండేది. ఎనభై ఆరులో ఆ కొట్టులో రెండు ఆట పెట్టెలు పెట్టాను. ఒకటి బెంగళూరు నుంచి తెప్పించిన వీడియో గేమ్, విమానాలను కాల్చే ఆట. రెండోది పక్క కొట్టు రేడియో మెకానిక్ అబ్దుల్ సత్తార్ సొంతంగా తయారు చేసింది. విమానాల దగ్గర నిలబడటానికి చోటుండేది కాదు. సత్తార్ పెట్టె పక్కన నా పిల్లి పడుకునేది.

ఆట చెడ్డదేం కాదు. చెక్క పెట్టె మీద మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా రోడ్డు గీసి, పొడవునా చిన్న ఎర్ర బల్బులు బిగించాడు. స్విచ్ వేస్తే లారీ హారన్ మోగి, బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోయేవి. అదే లారీ. పచ్చ బల్బు వెలిగితే గొర్రెల మంద అడ్డం వచ్చినట్టు, బ్రేకు మీట నొక్కాలి. ఊరికే ఆపితే టమోటాలు కుళ్ళిపోయి ఆట అయిపోతుంది.

ఇలాంటి ఆట బెంగళూరులో కూడా లేదని సత్తార్ గర్వం. లేకపోవడమే దాని ఖర్మ అని నేననేవాణ్ణి. విమానాల ఆట ఎలా ఆడాలో కాలేజీ కుర్రాళ్ళకు కొట్టులో అడుగు పెట్టకముందే తెలుసు. ఒకడు ఆడుతుంటే పదిమంది చూసేవారు. సత్తార్ పెట్టె దగ్గర చూడ్డానికి ఆడేవాడే లేడు. తెలియని ఆట ఆడి నలుగురిలో ఓడిపోవడం ఎవడికిష్టం?

పైగా దానికి ముసుగొకటి. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉన్నా టీవీ ఉన్నా పువ్వులు కుట్టిన గుడ్డ కప్పకపోతే మర్యాద కాదు. సత్తార్ భార్య సుగ్రా ఎర్ర దారంతో రోజాలు కుట్టి ఆ పెట్టెకూ కప్పింది. ఆడతామని అడిగితేనే సత్తార్ గుడ్డ తీసేవాడు. అడిగేదెవరు? రిపేరుకొచ్చిన రేడియో అనుకుని అందరూ దాని మీద టీ గ్లాసులు పెట్టేవారు. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు.

అసలు చిక్కు హారన్‌తో వచ్చింది. అది మోగే స్పీకర్ సుగ్రా పెళ్ళికి పుట్టింటివారిచ్చిన రేడియోలోది. సత్తార్ అడక్కుండా పీకేశాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. శుక్రవారం లోపల ఒక్క మనిషైనా ఆ ఆట ఆడి, తనంతట తాను రెండోసారి ఆడాలి. లేకపోతే పెట్టె విప్పి స్పీకర్ తిరిగి రేడియోలో బిగించాలి.

"మొగమాటానికి ఒకతూరి ఎవురైనా ఆడతారు నారాయణప్పా. రెండోతూరి ఆడితేనే అది ఆట," అన్నాడు సత్తార్. నేను మొహమాటానికి ఒకసారి ఆడాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని సత్తార్ స్క్రూడ్రైవర్‌తో వచ్చాడు. గుడ్డ తీసి మడిచి నా బల్ల మీద పెట్టాడు. అతని మొహం చూడలేక నేను పాలు కలుపుతూ కూర్చున్నాను. విప్పే ముందు ఒక్కసారి చూసుకుందామనిపించిందేమో, స్విచ్ వేశాడు.

లోడు కోసం నా కొట్టులో కాచుకున్న లారీ డ్రైవర్ మునెప్ప, హారన్ విని తన బండి ఎవరో ముట్టుకున్నారని గిరుక్కున తిరిగాడు. అక్కడ బండి లేదు, పెట్టె ఉంది. దాని మీద తనకు రోజూ తెలిసిన రోడ్డు ఉంది. వచ్చి మీట పట్టుకున్నాడు. లారీ పుంగనూరు చేరగానే బ్రేకు నొక్కాడు. టమోటాలు కుళ్ళిపోయాయి.

పచ్చ బల్బు వెలగలేదు కదా అని సత్తార్ నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. మునెప్ప వినలేదు.

"పుంగనూరులో టీ తాగకుండా ఏ లారీ పోతాదప్పా? నీ ఆటే తప్పు."

సత్తార్ జన్మలో లారీ ఎక్కినవాడు కాదు, టీ సంగతి అతనికి తట్టనే లేదు. మునెప్ప ఇద్దరు డ్రైవర్లను సాక్ష్యానికి పిలిచాడు. వాళ్ళూ ఆడారు, వాళ్ళూ పుంగనూరులోనే ఆపారు. మునెప్పకు రోషం వచ్చింది.

"జరగండి. ఈతూరి ఆపకుండా పోతా, సూడండి."

మళ్ళీ ఆడాడు. పుంగనూరు రాగానే చెయ్యి దానంతటదే మీట మీద పడింది. కొట్టంతా ఘొల్లుమంది. కాలేజీ కుర్రాళ్ళు విమానాలను గాల్లో వదిలేసి ఇటు వచ్చారు. గుంపులోంచి సత్తార్ నాకేసి రెండు వేళ్ళు చూపించాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

స్పీకర్ కోసం సంచీ పట్టుకుని వచ్చిన సుగ్రా అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నలుగురిలో భర్తతో మాట్లాడే అలవాటు ఆమెకు లేదు, నాతో చెప్పింది.

"నారాయణప్పన్నా, ఆ గుడ్డ ఇటియ్యి. ఇంటికాడ రేడియోకి కప్పుకుంటా."

ఇచ్చాను. రోజాల నడుమ నా టీ గ్లాసు మరక గుండ్రంగా ఉంది. ఆమె మరకను చూసి, నన్ను చూసి, గుడ్డను సంచీలో పెట్టుకుంది. మునెప్ప మూడోసారి స్విచ్ వేశాడు. తన రేడియో గొంతు లారీలా అరుస్తుంటే సుగ్రా మెట్టు మీద ఆగి విన్నది. తర్వాత నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది.