వణకని గీత

ముప్పై ఏళ్లుగా ఈ ల్యాబులో అద్దాలు బిగించడం నా పని. పరిశోధకులు వస్తారు, పోతారు. చాలామంది నా మొహం చూడరు. ఈ అమ్మాయి చూసింది. బాబాయ్ అని పిలిచింది.

ఆమె వెలుతురుతో కొలిచేది అద్దం కదలిక. వెంట్రుక మందంలో లక్షో వంతు కన్నా తక్కువ. వెలుతురు వాన చినుకుల్లాంటిది, ఒక్క తీరుగా పడదు. అందుకే తెరమీద కొలత గీత వణుకుతుంది. ఆ చినుకులను జతలు జతలుగా పుట్టించి వణుకు అణచాలని ఆమె పంతం. క్వాంటం పద్ధతి అంటారు. నాకు తెలిసింది అంతే.

మూడేళ్లు అణగలేదు. సోమవారం అణిగింది. వణుకు సగానికి పడిపోయింది. గురువారం ల్యాబు పెద్దాయనకు చూపిస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే మూట సర్దుకోవడమే.

బుధవారం మధ్యాహ్నం, వెలుతురు పట్టి కొలిచే డిటెక్టర్ ముందు దాని జోరు తగ్గించే నల్లగాజు తుడుస్తూ చూశాను. పాతది పగిలితే ఆదివారం నేనే మార్చాను. తప్పు పెట్టెలోంచి తీశాను. ఇది పలచటిది. వెలుతురు మితిమీరి పడుతోంది. కడుపు నిండినవాడికి ఇంకో ముద్ద పెట్టినా తేడా తెలియదు. డిటెక్టరూ అంతే. వణుకు తగ్గలేదు, దానికి తెలియడం లేదు.

నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నా భార్యకు స్కానింగ్ తీసినవాడికి యంత్రం సరిగా లేదని తెలుసు. ఏమీ లేదు, ఇంటికి వెళ్లమన్నాడు. నాలుగు నెలలకు పోయింది. వాణ్ని నేను క్షమించలేదు. క్షమించను.

ఆమె టీ తాగుతోంది.

"అమ్మాయ్, గాజు తప్పు పెట్టాను. నీ గీత అబద్ధం."

"ఇవాళ సతాయించడానికి ఇంకెవరూ దొరకలేదా బాబాయ్?" అని నవ్వబోయి, నా మొహం చూసి కప్పు కింద పెట్టింది. "ఎల్లుండి చెప్పకూడదా ఆ మాట?"

"అప్పుడు చెబితే నేనూ వాడిలాంటివాణ్నే."

"ఎవడు?"

"ఉన్నాడులే."

మందపు గాజు బిగించాను. గీత మళ్లీ వణికింది. ఆమె జతల వెలుతురు ఆపింది, మళ్లీ వదిలింది.

"కొంచెం తగ్గిందా, నా కళ్లే తిరుగుతున్నాయా?"

"కళ్లను నమ్మకు. వందసార్లు కొలువు."

కొలిచింది. ఇరవయ్యో వంతు తగ్గింది. ప్రతిసారీ తగ్గింది. అప్పుడు పెద్దాయనకు ఫోన్ చేసింది. "సోమవారం చెప్పింది తప్పండీ. గాజు నేనే సరిచూసుకోలేదు."

నా ఊసెత్తలేదు. ఫోన్ లాక్కున్నాను. "పెట్టింది నేనండీ."

పెద్దాయన అడిగాడు, "ఇప్పుడెంత తగ్గింది?"

"ఇరవయ్యో వంతు."

"నికరమేనా?"

"నికరమే."

"సరే, రేపు అదే చూపించమను. ఇంకో ఏడాది చూద్దాం."

ఆ మాట చెప్పగానే ఆమె తలవంచుకుని ఏడ్చింది. నేను గాజులున్న పెట్టెలకు చీటీలు అంటించడానికి కూర్చున్నాను.